కూలికి వంట మాస్టర్, అద్దెకు గంజులు: మూడొందల మంది రిసెప్షన్‌కు ఈ పద్ధతి గిట్టుబాటేనా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు రిసెప్షన్ విందు పెట్టాలంటే ఇప్పుడు రెండు దార్లున్నాయి. ప్లేటుకు ఇంత అని క్యాటరింగ్ వాళ్లకు అప్పజెప్పడం ఒకటి. సరుకు మనమే తెచ్చుకుని, వంట మాస్టర్‌ను కూలికి మాట్లాడుకుని, టెంట్ హౌస్ నుంచి గంజులు (పెద్ద వంట గిన్నెలు), భట్టీలు (పెద్ద పొయ్యిలు) అద్దెకు తెచ్చి కళ్ల ముందే వండించుకోవడం రెండోది. ఈ రెండో పద్ధతి మీద అపోహలు చాలా ఉన్నాయి. కొందరు ఇది ఎప్పుడైనా చవకే అనుకుంటారు, కొందరు తలనొప్పి తప్ప ఏమీ మిగలదంటారు. అది మీ ఇంటికొచ్చే మందిని బట్టి ఉంటుంది. రెండొందలు దాటితే ఈ పద్ధతి కచ్చితంగా మేలు. నూట యాభై లోపైతే క్యాటరింగ్‌కే ఇచ్చేయండి, మీకు మిగిలేది ఏమీ ఉండదు.

ఎందుకో లెక్కలో చూడండి. మూడొందల మందికి బగారన్నం (మసాలా పోపుతో వండే అన్నం), కోడికూర, వంకాయ, దాల్చా (సొరకాయ వేసిన పప్పు పులుసు), తెల్లన్నం, పచ్చిపులుసు, పెరుగు చట్నీ, పెరుగు, ఒక తీపి. లెక్క కోసం సోనామసూరి కిలో 60, స్కిన్‌లెస్ చికెన్ కిలో 240, నూనె లీటరు 150, ఉల్లిగడ్డ కిలో 30 అనుకుందాం. మసాలాలు, పాలు, కూరగాయలు అన్నీ కలిపి సరుకు ముప్పై వేల దగ్గర తేలుతుంది. మాస్టర్ బృందం కూలి పదకొండు వేలు, వడ్డించే ఆరుగురికి నాలుగు వేలు, గంజులు భట్టీల అద్దె ఐదు వేలు, గ్యాస్ నాలుగు వేలు, ఇస్తార్లు (విస్తర్లు) గ్లాసులు రెండు వేలు, నీళ్లు, ఆటో కిరాయి ఇంకో రెండు వేలు అనుకుంటే అది ఇరవై ఎనిమిది వేలు. మొత్తం యాభై ఎనిమిది వేలు, మనిషికి రెండొందలకు కాస్త తక్కువ. రేట్లు వారానికోసారి మారతాయి కాబట్టి మీ రోజు ధరలు వేసి చూసుకోండి. మారనిది ఒకటుంది: ఖర్చులో దాదాపు సగం తినే సరుకు కాదు, వండేవాళ్లకూ గంజులకూ మంటకూ పోయేది. మంది తగ్గితే సరుకు తగ్గుతుంది కానీ ఈ సగం పెద్దగా తగ్గదు. వందమందికి కూడా మాస్టర్ రావాలి, భట్టి రావాలి, ఆటో తిరగాలి. అప్పుడు మనిషికి మూడొందల దాకా పోయి ప్లేటు రేటుతో సమానమవుతుంది. చాకిరీ మాత్రం మీ మీదే పడుతుంది.

ఇందులోనే ఇంకో సంగతి ఉంది. ఖర్చు తగ్గించాలని చాలామంది మొదట చికెన్ తగ్గిస్తారు, బియ్యం తక్కువ రకం తెస్తారు. తగ్గించాల్సింది అవి కావు, ఐటెమ్‌ల సంఖ్య. ఒక్క ఐటెమ్ తీసేస్తే ఒక గంజు, ఒక భట్టి, గంటసేపు గ్యాస్, ఒక మనిషి పని తగ్గుతాయి. ఎనిమిది మంచి ఐటెమ్‌లు పెట్టిన ఇల్లు పదహారు పెట్టిన ఇంటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ మంచి పేరు తెచ్చుకుంటుంది. జొన్నరొట్టెలు, పూరీలు, మిర్చి బజ్జీలు అప్పటికప్పుడు కాల్చాల్సినవి. ఒక్కోదానికి ఒక మనిషి, ఒక పొయ్యి ఆ పూటంతా అక్కడే బందీ. చవక విందులో వాటి జోలికి పోవద్దు.

వంట మాస్టర్లు

ఈ సర్వీస్‌కు ఐదుకు నాలుగు ఇవ్వొచ్చు. ఈ జిల్లాల్లో మంచి చేతులకు కొదవలేదు. బగారన్నం, దాల్చా, యాటకూర (మటన్ కూర) వీళ్లు వండినట్టు ప్లేటు క్యాటరింగ్‌లో దొరకడం కష్టం. ఎందుకంటే క్యాటరింగ్‌లో ఒకే వంటశాలలో వండి నాలుగు ఫంక్షన్ హాళ్లకు పంపుతారు, అన్నం డబ్బాల్లో చెమటపట్టి ముద్దవుతుంది. ఇక్కడ పొయ్యి మీంచి దిగిన పావుగంటకే ఇస్తారిలో పడుతుంది.

ఒక మార్కు తగ్గించింది రెండు కారణాలకు. మొదటిది కిరాణం లిస్టు. తక్కువ పడితే మాట తనకే వస్తుందని మాస్టర్ ఎప్పుడూ చేయి బారుగా రాస్తాడు. పైన చెప్పిన మెనూకు నూనె ఒక్క 15 లీటర్ల డబ్బా సరిపోతుంది. లిస్టులో రెండు ఉంటే ఐటెమ్ వారీగా అడగండి: బగారకు రెండున్నర లీటర్లు, చికెన్‌కు నాలుగున్నర, వంకాయకు రెండున్నర, దాల్చాకు ఒకటి, తీపికి మూడు. మొత్తం పదమూడున్నర. లిస్టు నోటితో చెబితే ఒప్పుకోవద్దు. ఏ వంటకు ఎంతో విడివిడిగా రాయించుకోవాలి. రెండోది మంచి ముహూర్తాల రోజు ఒకే మాస్టర్ రెండు చోట్ల ఒప్పుకుని మీ దగ్గరికి శిష్యుణ్ని పంపడం. బయానా (అడ్వాన్స్) ఇచ్చేటప్పుడే "చికెన్ పోపు నుంచి మొదటి బంతి (తినేవాళ్ల వరస) లేచేదాకా మీరే ఉండాలె" అని మాట తీసుకోండి. మిగిలిన డబ్బు విందు అయ్యాకే ఇస్తామని అప్పుడే చెప్పండి.

కూలిలో ఏమేమి కలిసి ఉన్నాయో కూడా అప్పుడే తేల్చుకోవాలి. ఉల్లిగడ్డ కోయడం, ఎల్లిగడ్డ (వెల్లుల్లి) ఒలవడం, గంజులు తోమడం ఎవరి పని? మూడొందల మందికి ఉల్లిగడ్డే ముప్పై కిలోలు. ఇద్దరు కూర్చుంటే మూడు గంటలు పడుతుంది. ఇంటి ఆడవాళ్లు కోస్తారనుకుని మాస్టర్, మాస్టర్ మనుషులు కోస్తారనుకుని ఇంటివాళ్లు ఊరుకుంటే మధ్యాహ్నం మూడింటికి పొయ్యి ఖాళీగా మండుతుంటుంది.

టెంట్ హౌస్ సామాను

ఐదుకు మూడు. గంజులు దొరుకుతాయి, బాగున్నవి దొరకాలంటే మీరే పోయి ఏరుకోవాలి. ఫోన్లో చెబితే అడుగు ఉబ్బినవి, మూత సరిగ్గా కూర్చోనివి వస్తాయి. బగారకు మూతే ప్రాణం. మూత పక్కల నుంచి ఆవిరి పోతే పైన పలుకు, కింద మాడు. ప్రతి గంజుకు దాని మూత పెట్టి తిప్పి చూసి తీసుకోండి. ఇత్తడి, రాగి గంజులైతే లోపల కళాయి (తగరం పూత) చూడాలి. కళాయి పోయి లోహం కనబడేదాంట్లో పెరుగు, చింతపండు పడితే పులుపు లోహాన్ని కరిగిస్తుంది. కూరకు చిలుము రుచి వస్తుంది, కడుపు తిప్పుతుంది. పచ్చిపులుసుకు, పెరుగు చట్నీకి స్టీలు బగోనెలే అడగండి.

మూడొందల మందికి కావాల్సింది ఇది: అరవై, డెబ్బై లీటర్ల గంజులు నాలుగు, నలభై లీటర్లవి మూడు, స్టీలు బగోనెలు రెండు, వార్చడానికి పెద్ద జల్లిగిన్నె, కడాయి ఒకటి, భట్టీలు నాలుగు, వడ్డించే స్టీలు బకెట్లు ఎనిమిది, గంటెలు పదహారు, నీళ్ల డ్రమ్ములు రెండు. దీనికి మించి రాసిస్తే ఎందుకని అడగండి. భట్టీకి రెగ్యులేటర్, పైపు అక్కడే పెట్టించి మంట వెలిగించి చూడాలి. పసుపు మంట వస్తుంటే బర్నర్ రంధ్రాలు మూసుకుపోయాయని అర్థం. అది గ్యాస్ తాగుతుంది, గంజుకు మసి పట్టిస్తుంది. ఇంటి 14.2 కిలోల సిలిండర్లు ఇలాంటి వంటకు వాడకూడదు, 19 కిలోల కమర్షియల్‌వి తెచ్చుకోవాలి. ఈ మెనూకు రెండు, పక్కన ఒకటి నిండుది. వాడని సిలిండర్ వెనక్కి తీసుకుంటారో లేదో ముందే అడగండి.

ఇంకొకటి. కొన్ని ఫంక్షన్ హాళ్లు బయటి వంటను రానివ్వవు, రానిచ్చినా వంటశాలకు వేరే బిల్లు వేస్తాయి. హాలు బయానా ఇచ్చాక ఈ సంగతి తెలిస్తే అనుకున్న మిగులంతా అక్కడే పోతుంది.

బియ్యం, బగార

మిర్యాలగూడ మిల్లుల బియ్యం చేతికందే దూరంలో ఉన్నప్పుడు బాస్మతి కోసం తహతహ అక్కర్లేదు. బగారకు పాత సోనామసూరి చాలు, కనీసం ఆరు నెలలు నిల్వ ఉన్నది. కొత్త బియ్యం ఎంత మంచిదైనా పెద్ద గంజులో ముద్ద కాక తప్పదు. బస్తా కొనేముందు పావుకిలో తెచ్చి ఇంట్లో వండి చూడండి. మనిషికి బగార 80 గ్రాములు, తెల్లన్నం 40 గ్రాములు, అంటే మూడొందల మందికి 25 కిలోలు, 12 కిలోలు. కిలో బియ్యం ఎనిమిది మందికి అన్నమాట. పెరుగుతో తినే ముద్ద ఇందులోనే వస్తుంది.

ఇరవై ఐదు కిలోలూ ఒకేసారి ఎక్కించవద్దు. మాస్టర్‌కు అది తేలికే, కానీ పై అన్నం బరువుకు అడుగు అన్నం నలిగి ముద్దవుతుంది, రెండు గంటల తర్వాత వచ్చిన చుట్టానికి చల్లన్నం పడుతుంది. తొమ్మిది, ఎనిమిది, ఎనిమిది అని మూడు గంజులుగా వండించండి. విందు ఏడున్నరకైతే మొదటిది ఏడుంబావుకు దిగాలి, రెండోది ఎనిమిదికి. మూడోదాని బియ్యం నానబెట్టకుండా పక్కన పెట్టి, ఎనిమిదింబావుకు వచ్చినవాళ్లను చూసి అప్పుడు నిర్ణయించుకోండి. మంది తక్కువైతే ఎనిమిది కిలోల బియ్యం బియ్యంగానే ఇంటికి వెళ్తాయి. ఈ పద్ధతి క్యాటరింగ్‌లో సాధ్యం కాదు. అక్కడ చెప్పిన ప్లేట్లకు డబ్బు కట్టాల్సిందే.

ఇరవై ఐదు కిలోల బగారకు నూనె రెండున్నర లీటర్లు, నెయ్యి అరకిలో, ఉల్లిగడ్డ ఐదు కిలోలు, పచ్చిమిర్చి ముప్పావు కిలో, అల్లంఎల్లిగడ్డ ముద్ద కిలోంబావు, దాల్చినచెక్క 75 గ్రాములు, లవంగాలు 50, యాలకులు 50, షాజీరా 60, బిర్యానీ ఆకు 50, పుదీన, కొత్తిమీర పన్నెండేసి కట్టలు, ఉప్పు 600 గ్రాములు. ఎసరు నాలుక మీద వేసుకుంటే మామూలుగా తినే దానికంటే ఒక పిసరు ఉప్పగా ఉండాలి. బియ్యం పడ్డాక సరిపోతుంది.

నీళ్ల దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. ఇంట్లో గ్లాసు బియ్యానికి రెండు గ్లాసులు పోసే అలవాటు పెద్ద గంజుకు పనికిరాదు. అందులో బియ్యం మోతాదుతో చూస్తే ఆవిరిగా పోయే నీరు చాలా తక్కువ. అరగంట నానిన బియ్యానికి గిన్నెకు గిన్నెన్నర, నానని పాత బియ్యానికి గిన్నెంముప్పావు. కొలిచిన గిన్నెతోనే నీళ్లు కూడా కొలవాలి. బగారలో ఉల్లిగడ్డ బంగారు రంగు దాటకూడదు. ఎర్రగా వేగితే అన్నం రంగు మారి తీపి తగులుతుంది. అల్లంఎల్లిగడ్డ వేసిన వెంటనే మంట తగ్గించకపోతే అడుగుకు అంటి మాడుతుంది, ఆ నల్లటి పలుకులు అన్నమంతా తేలతాయి. ఎసరు ఇంకి బియ్యం పైన బుడగల గుంటలు కనబడగానే మంట సన్నం చేసి, మూత చుట్టూ తడిగుడ్డ చుట్టి ఇరవై నిమిషాలు వదిలేయాలి. ఈలోపు మూత తీసి కలిపితే మెతుకు విరుగుతుంది.

కోడికూర

మూడొందల్లో రెండొందల నలభై మంది మాంసం తింటారనుకుంటే యాభై కిలోలు. రిసెప్షన్ సోమ, గురు, శనివారాల్లో పడితే తినని వాళ్లు బాగా పెరుగుతారు. అప్పుడు చికెన్ ముప్పై ఐదుకు దించి వంకాయ కూర పెంచాలి. యాటకూర పెట్టాలని పెద్దలు పట్టుబడితే చికెన్ పూర్తిగా మానేయడమే మంచిది. రెండూ పెడితే ప్రతివాళ్లూ రెండూ వేయించుకుంటారు, దేంట్లోనూ తగ్గదు.

కోళ్లను లైవ్‌లో కొంటే మేలని కొందరంటారు. రెండు కిలోల కోడి తోలు తీస్తే కిలో మూడొందల గ్రాముల దాకా వస్తుంది. అంటే యాభై కిలోలకు లైవ్ డెబ్బై ఏడు కిలోలు కావాలి. ఆ రోజు లైవ్ ధరను 77తో గుణించి, కొట్టే కూలి కలిపి, స్కిన్‌లెస్ ధరతో పోల్చండి. ఏది తక్కువైతే అది. కిలోకు పదహారు, పద్దెనిమిది ముక్కలు కొట్టించాలి. ఇంటికి కొట్టించినట్టు చిన్న ముక్కలు కొట్టిస్తే తెడ్డు తిప్పేటప్పుడు చిదిగి బొక్కలు మాత్రమే మిగులుతాయి.

చికెన్ మధ్యాహ్నం మూడింటికి ముందు రానివ్వవద్దు. ఎండాకాలంలో పొద్దున తెచ్చిన చికెన్ రెండు గంటలు బయట ఉంటే వాసన మొదలవుతుంది. మధ్యాహ్నం తెచ్చి, కడిగి, నీరు పూర్తిగా వడిచాక ఉప్పులో ముప్పావు వంతు, పసుపు, అల్లంఎల్లిగడ్డ మూడు కిలోలు, పెరుగు మూడు కిలోలు పట్టించి గంట ఉంచితే చాలు. యాభై కిలోలకు ఉప్పు కిలో, ఉల్లిగడ్డ పది కిలోలు, టమాటా ఐదు, ధనియాలపొడి ముప్పావు కిలో, ఎండు కొబ్బరి కిలోన్నర, గరం మసాలా పావుకిలో. కారం ప్యాకెట్‌దైతే కిలో. ఇంట్లో పట్టించిన ఘాటు మిర్చి అయితే ఏడొందల గ్రాములతో మొదలుపెట్టి రుచి చూసుకోండి.

ఇరవై ఐదేసి కిలోలు రెండు గంజుల్లో వండించాలి. మొదట చుక్క నీరు పోయొద్దు. బ్రాయిలర్ కోడి తన నీరు తనే వదులుతుంది. ఆ నీరు సగం ఇంకి నూనె తేలాక కొబ్బరి ముద్ద, తర్వాత పులుసుకు కావాల్సినంత మరిగిన నీళ్లు. చల్లనీళ్లు పోస్తే ముక్క గట్టిపడి పులుసు వేరు, ముక్క వేరుగా ఉంటుంది. మిగతా ఉప్పు ఈ దశలో. ఐదింటికి పోపు పెడితే ఆరుంబావుకు దిగుతుంది. దిగాక మూత కాస్త తెరిచి ఉంచాలి, లేకపోతే ఆ వేడికే ముక్క ఉడుకుతూ చిదిగిపోతుంది.

వంకాయ, దాల్చా, పులుసు

మాంసం తినని అరవై మందికే అని వంకాయ లెక్క వేయవద్దు. మాంసం తినేవాళ్లూ ఒక కాయ వేయించుకుంటారు. పద్నాలుగు కిలోల చిన్న కాయలు, పల్లీలు కిలోన్నర, నువ్వులు కిలో, ఎండు కొబ్బరి ముప్పావు, చింతపండు ముప్పావు, ఉల్లిగడ్డ నాలుగు కిలోలు. పాలమూరు (మహబూబ్‌నగర్) వాళ్లకు పల్లీలు జడ్చర్ల బాదేపల్లి, వనపర్తి వైపు మంచివి దొరుకుతాయి. పల్లీలు, నువ్వులు విడివిడిగా వేయించాలి. నువ్వులు ముందే వేగుతాయి, కలిపి వేయిస్తే అవి మాడి మసాలా అంతా చేదెక్కుతుంది. కాయలను నూనెలో ముప్పాతిక వేయించి తీసి, పులుసు చిక్కబడ్డాక చివరి పది నిమిషాలకు వేయాలి. మొదటే వేస్తే బకెట్లో తొడిమలు తేలతాయి.

దాల్చాకు శనగపప్పు ఆరు కిలోలు, కందిపప్పు రెండు, సొరకాయ పన్నెండు కిలోలు, చింతపండు కిలో. ఇక్కడ నీళ్ల సంగతి గట్టిగా చెప్పాలి. నల్లగొండ నేలలో బోరునీటికి ఫ్లోరైడ్ పేరు ఎలాగూ ఉంది. చాలా హాళ్లలో అది బాగా కఠినమైన నీరు కూడా. అందులోని కాల్షియం, మెగ్నీషియం పప్పు బద్దను పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థాన్ని గట్టిపరుస్తాయి. రెండు గంటలు ఉడికినా పప్పు బద్ద బద్దగానే ఉంటుంది, మాస్టర్ సోడా వేస్తాడు, దాల్చా జిగటై రుచి పోతుంది. శనగపప్పు మూడు గంటలు నానబెట్టే నీళ్లు, ఉడికించే నీళ్లు రెండూ నల్లా నీళ్లో క్యాన్ నీళ్లో అయి ఉండాలి. చింతపండు పులుసు పప్పు మెదిగాకే పోయాలి. పులుపు ముందు పడ్డా అదే తిప్పలు.

పచ్చిపులుసు ఈ మెనూలో ఉండటానికి పెద్ద కారణం దానికి పొయ్యి అక్కర్లేకపోవడం. పప్పుచారు బదులు ఇది పెడితే ఒక భట్టి ఖాళీ. ముప్పై లీటర్లకు చింతపండు కిలోన్నర, ఉల్లిగడ్డ రెండు కిలోలు, కాల్చిన పచ్చిమిర్చి అరకిలో, బెల్లం కొద్దిగా, నువ్వులపొడి పావుకిలో, పైన పోపు. కాచకుండా తాగేది కాబట్టి నీళ్లు పూర్తిగా తాగునీళ్లే కావాలి, రెండు క్యాన్లు దీనికే కేటాయించండి. ఉల్లిగడ్డ వడ్డించే అరగంట ముందు పిసికి కలపాలి.

ఇంట్లో ముందే చేసుకునేవి

ఖర్చు నిజంగా తగ్గేది ఇక్కడ. అల్లంఎల్లిగడ్డ ముద్ద ఐదు కిలోలు కావాలి: అల్లం రెండు కిలోలు, ఎల్లిగడ్డ మూడున్నర. ముందురోజు ఇంట్లో ఉప్పు, కాస్త నూనె వేసి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టండి. కొన్న ముద్దలో పులిసిన వాసన ఉంటుంది, అది బగారలో దాగదు. గరం మసాలా కూడా ఇంట్లో వేయించి పట్టించండి.

పెరుగు ముప్పై లీటర్ల పాలతో ఇంట్లోనే తోడేయొచ్చు. పన్నెండు లీటర్లు చట్నీకి, మిగతాది అన్నంలోకి. ఎండాకాలం ఐదు గంటల్లో తోడుకుంటుంది, చలికాలం రాత్రంతా కావాలి. మే నెల విందుకు ముందురాత్రి తోడేస్తే సాయంత్రానికి పుల్లటి సల్ల (మజ్జిగ) అవుతుంది. అదే రోజు పొద్దున పదింటికి వేయండి. చట్నీలో ఉల్లిగడ్డ, ఉప్పు కలిపితే గంటలో నీరు విడుస్తుంది, కాబట్టి మూడు విడతలుగా కలపండి.

తీపికి డబల్ కా మీఠా అందరూ అడుగుతారు. రుచికి తిరుగులేదు కానీ బ్రెడ్డు నూనె బాగా పీలుస్తుంది, పాకానికి మళ్లీ పొయ్యి కావాలి. చవకలో గరిజెలు (కజ్జికాయలు) మేలు. రెండు మూడు రోజుల ముందే చేసి డబ్బాలో పెట్టుకోవచ్చు. మైదా ఐదు కిలోలు, లోపలికి చక్కెరపొడి రెండు కిలోలు, ఎండు కొబ్బరిపొడి కిలోన్నర, పుట్నాలపొడి కిలో, వేయించిన నువ్వులు అరకిలో, యాలకులు. మూడొందల యాభై గరిజెలు వస్తాయి. పచ్చి కొబ్బరి వాడితే లోపల చెమ్మ చేరి మెత్తబడతాయి. అంచు తడిచేసి గట్టిగా నొక్కకపోతే ఒక్కటి విచ్చుకున్నా చక్కెర నూనెలో మాడి ఆ వాయి అంతా నల్లబడుతుంది.

వడ్డన

బఫే పెడితే మొదటి వంద మంది చికెన్ ఐదారు ముక్కలు వేసుకుంటారు, చివరి యాభై మందికి పులుసు మిగులుతుంది. అరవై మందికొక బంతి వేసి కూర్చోబెట్టి వడ్డించండి. పెద్దవాళ్లకు గౌరవంగా ఉంటుంది, పారేసే అన్నమూ బాగా తగ్గుతుంది. హాల్లో బఫే తప్పదంటే చికెన్ దగ్గర మాత్రం ఒక మనిషిని గంటెతో నిలబెట్టండి. ఏ పద్ధతైనా ఐదు కిలోల కూర మొదటే తీసి వేరే బగోనెలో వంటశాలలో దాచండి. ఆఖరున వచ్చే చుట్టాలకు, వంటవాళ్లకు, డ్రైవర్లకు అది.

ఇస్తార్లు కొనేముందు ఒకదాంట్లో మరిగిన నీళ్లు పోసి పది నిమిషాలు చూడండి. మోదుగాకువి సరిగ్గా కుట్టినవైతే దాల్చాను ఆపుతాయి. పలుచటి కాగితం ప్లేట్లు వేడికి మధ్యలో కుంగుతాయి. స్టీలు ప్లేట్ల అద్దె తక్కువగా కనిపిస్తుంది కానీ కడిగే ముగ్గురు మనుషులు, రెండు డ్రమ్ముల నీళ్లు కలిపితే ఇస్తారే చవక. తాగడానికి 20 లీటర్ల క్యాన్లు ఎండాకాలం పదిహేను, వంటకు ఇంకో పది. చిన్న సీసాల నీళ్లు సగం తాగి పారేస్తారు, వాటికి పెట్టే డబ్బు వృథా.

ఆఖరి బంతి లేచాక మిగిలిన అన్నం గంజులోనే మూతపెట్టి పొద్దున్నదాకా ఉంచొద్దు. వేడి లోపలే నిలిచి తెల్లారేసరికి పాడవుతుంది, అలాంటి అన్నం మళ్లీ వేడిచేసినా కడుపు చెడగొట్టే విషం పోదు. వెంటనే వెడల్పు పళ్లాల్లో పరిచి చల్లార్చి ఆ రాత్రే పంచేయండి. పెరుగు కలిపిన చట్నీ, పచ్చిపులుసు దాచవద్దు. గంజులు టెంట్ హౌస్ మనిషి ముందే లెక్కపెట్టి అప్పజెప్పండి. గంటెలు, మూతలు, రెగ్యులేటర్లే ఎక్కువగా తప్పిపోయేవి, వాటి ధర కొత్తదాని లెక్కన పట్టుకుంటారు. తీసుకున్నప్పుడు రాసిన చీటీ మీదే తిరిగిచ్చిన లెక్కా రాయించి సంతకం పెట్టించుకోండి. మరుసటి రోజు పది దాటాక ఇస్తే ఇంకో రోజు అద్దె పడొచ్చు, ఆ గడువు కూడా ముందే అడిగి ఉంచుకోవాలి.